ఓడలో వచ్చిన మారియో: అండమాన్‌లో పాత వీడియో గేమ్‌లు, ఆలస్యంగా వచ్చిన ఇంటర్నెట్

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి అండమాన్‌కు సముద్ర గర్భంలో వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌ను ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. లాక్‌డౌన్ రోజులవి. బడులు మూతపడ్డాయి, పిల్లల చేతిలో ఫోన్లున్నాయి. దేశమంతా ఏళ్ల తరబడి ఆడుతున్న ఆన్‌లైన్ గేమ్‌లు ఇక తమకూ సాఫీగా అందుతాయని దీవుల్లోని కుర్రకారు ఆశపడే సమయం. సరిగ్గా 23 రోజుల తర్వాత, సెప్టెంబర్ 2న, కేంద్ర ప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌ను నిషేధించింది.

రెండింటికీ సంబంధం లేదు. ఒకటి టెలికం శాఖ ప్రాజెక్టు, మరొకటి చైనాతో సరిహద్దు ఉద్రిక్తతల వేళ తీసుకున్న నిర్ణయం. అయినా అండమాన్ వైపు నుంచి చూస్తే ఆ 23 రోజులు ఒక సంగతి చెబుతాయి. ఇవాళ్టి ఆట ఆడాలంటే ఫోను ఒక్కటే ఉంటే చాలదు. కేబుల్ ఉండాలి, సర్వర్ ఉండాలి, కంపెనీ దాన్ని నడపాలి, ప్రభుత్వం ఒప్పుకోవాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పుకున్నా ఆట ఉండదు.

ఇదే దీవుల్లో 1990లలో పెరిగిన పిల్లలకు ఈ బాధ లేదు. వాళ్ల ఆట ఒక ప్లాస్టిక్ క్యాసెట్‌లో ఉండేది. టీవీ, కరెంటు, రెండు రిమోట్లు ఉంటే చాలు. ఇప్పుడు నలభై దాటిన ఆ తరం మారియోను, కాంట్రాను ఇంకా వదలకపోవడాన్ని చిన్ననాటి మీద బెంగ అని తేల్చేయడం సులువు. అందులో బెంగ ఉంది, కాదనలేం. కానీ ఆ పాత యంత్రాలు ఎలా తయారయ్యాయో, ఎలా పనిచేసేవో చూస్తే బెంగ కాని కారణాలు కూడా కనిపిస్తాయి. ఆ కారణాలు మిగతా దేశంలో కన్నా దీవుల్లో ఇంకాస్త స్పష్టంగా కనిపిస్తాయి.

మెయిన్‌ల్యాండ్ నుంచి మూడు రోజులు

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత స్థానం తెలుగుదే. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి చేపల వేటకో, పనికో వెళ్లి స్థిరపడిన కుటుంబాలే వీరిలో ఎక్కువ. 2024 సెప్టెంబర్‌లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ వైపు వెళితే తెలుగు వినబడటానికి ఎక్కువసేపు పట్టదు.

దీవుల వాళ్లు మిగతా భారతదేశాన్ని ‘మెయిన్‌ల్యాండ్’ అంటారు. బియ్యం నుంచి సిమెంటు దాకా చాలా సరుకులు అక్కడి నుంచే రావాలి. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుంచి ఓడ బయల్దేరితే పోర్ట్ బ్లెయిర్ చేరడానికి రెండున్నర నుంచి మూడు రోజులు. వాతావరణం బాగోకపోతే ఇంకా ఎక్కువ. బ్యాటరీలు, బల్బులు, టీవీలు వచ్చిన దారిలోనే వీడియో గేమ్‌లూ వచ్చాయి.

ఈ రేవుల దగ్గర మరో విశేషం ఉంది. చెన్నై ఓడరేవుకు నడక దూరంలో బర్మా బజార్. కోల్‌కతా రేవు పక్కన ఖిదిర్‌పూర్‌లో ఫ్యాన్సీ మార్కెట్. విదేశీ ఎలక్ట్రానిక్ సరుకు అంటే ఒకప్పుడు దక్షిణాదికి, తూర్పు భారతానికి గుర్తొచ్చిన బజార్లు ఇవే. సెలవుకు మెయిన్‌ల్యాండ్ వెళ్లిన వాళ్లు ఓడ ఎక్కే ముందు చివరగా తిరిగే వీధులు కూడా అవే. దూరమే అడ్డంకి అనుకుంటాం గానీ, ఈ ఒక్క సరుకు విషయంలో దీవుల వాళ్ల ప్రయాణ మార్గం అంగడి ముందు నుంచే పోయేది.

ఇక ఆడటానికి సమయమా? దేశమంతటికీ ఒకటే గడియారం కావడం వల్ల నవంబర్ చివర్లో పోర్ట్ బ్లెయిర్‌లో సాయంత్రం ఐదు గంటలకు ముందే సూర్యుడు అస్తమిస్తాడు. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన, అదీ మే నుంచి దాదాపు డిసెంబర్ దాకా. బడి నుంచి వచ్చేసరికి చీకటి పడే ఊళ్లో, లేదా వాన పట్టిన ఊళ్లో, ఇంట్లో ఆడుకునే ఆటకు విలువ ఎక్కువ.

భాష సంగతీ చెప్పుకోవాలి. ఒకే వీధిలో తెలుగు, బెంగాలీ, తమిళ, మలయాళ కుటుంబాలు, రాంచీ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు, సెల్యులార్ జైలు కాలపు ఖైదీల వారసులు కలిసి ఉండే చోట పిల్లల మధ్య హిందీయే వారధి. ఆ తరం గేమ్‌లలో చదవాల్సింది దాదాపు ఏమీ లేదు. ఎడమ నుంచి కుడికి పరిగెత్తాలి, గుంత వస్తే దూకాలి. స్టేజీ, లైఫ్, బాస్ అన్న మూడు మాటలు తెలిస్తే ఎవరితోనైనా ఆడొచ్చు.

అసలు అది ఏ యంత్రం?

1990లలో మన దేశంలో చాలామంది ‘టీవీ గేమ్’ అన్న పెట్టె నిజానికి ఒక జపాన్ యంత్రానికి నకలు. నింటెండో కంపెనీ 1983 జులై 15న జపాన్‌లో ఫ్యామికామ్ అనే గేమింగ్ యంత్రాన్ని విడుదల చేసింది. అమెరికాలో అదే 1985 నుంచి ఎన్‌ఈఎస్ పేరుతో వచ్చింది. రెండూ కలిపి 6 కోట్ల 19 లక్షలు అమ్ముడయ్యాయని నింటెండో లెక్క. మన ఇళ్లలోని పెట్టెల్లో చాలావరకు ఆ లెక్కలో లేవు.

తైవాన్ కంపెనీలు ఫ్యామికామ్‌లోని రెండు ప్రధాన చిప్‌లకు నకళ్లు తయారుచేశాయి. ఒకటి లెక్కలు చేసేది, మరొకటి తెరమీద బొమ్మ గీసేది. వాటితో ఆసియా, తూర్పు యూరప్, దక్షిణ అమెరికా మార్కెట్లు నిండిపోయాయి. మైక్రో జీనియస్, లిటిల్ మాస్టర్, టెర్మినేటర్ వంటి పేర్లతో పెట్టెలు మారినా లోపలి సరుకు దాదాపు ఒకటే. రష్యాలో ఇదే ‘డెండీ’. తర్వాత ఆ రెండు చిప్‌లనూ ఒకే దానిలో ఇమిడ్చి, బోర్డు మీద అంటించి, పైన నల్లటి జిగురు బొట్టు వేయడం మొదలైంది. పాత టీవీ గేమ్ మూత తీసినవాళ్లకు ఆ నల్ల బొట్టు గుర్తుండే ఉంటుంది. అదే మొత్తం కంప్యూటర్.

అసలు యంత్రాలు మన దేశానికి రాలేదని కాదు. సెగా కంపెనీ మెగా డ్రైవ్‌ను 1995లో షా వాలెస్ సంస్థ ఇక్కడ అమ్మింది. ధర సుమారు 18,000 రూపాయలు. దిగుమతి సుంకాలు అలా ఉండేవి. ఆ రోజుల్లో ఒక గుమాస్తా కుటుంబం నెలల జీతం అది. నకలు దాంట్లో చిన్న వాటా ధరకే దొరికేది. అందుకే మన దేశంలో రెట్రో గేమింగ్ చరిత్ర అంటే ముప్పాతిక వంతు నకళ్ల చరిత్రే. దీన్ని దాచిపెట్టి రాసే జ్ఞాపకాలు కొంచెం అబద్ధంగా వినబడతాయి.

క్యాసెట్ మీద ‘9999999 ఇన్ 1’ అని ఉండేది. ఇంటికి తెచ్చి చూస్తే అసలు గేమ్‌లు ఓ పదో ఇరవయ్యో. ఒకే గేమ్‌ను వేర్వేరు స్టేజీల నుంచి మొదలయ్యేలా చేసి, ప్రతిదానికీ ఒక నంబరు ఇచ్చి జాబితా పెంచేవారు. మోసమే. కానీ కాంట్రాలో ఎన్నిసార్లు ఆడినా దాటలేని స్టేజీ తర్వాత ఏముందో చాలామంది పిల్లలకు చూపించింది ఆ మోసమే.

నెమ్మదైన పాట

ఆ తరం వాళ్లు ఇవాళ యూట్యూబ్‌లో సూపర్ మారియో బ్రోస్ అసలు పాట వింటే ఏదో తేడాగా ఉందనిపిస్తుంది. మరీ వేగంగా పోతోందే అనిపిస్తుంది. జ్ఞాపకం మోసం చేస్తోందని సరిపెట్టుకుంటారు. చాలాసార్లు తప్పు జ్ఞాపకానిది కాదు.

జపాన్, అమెరికాల్లో పాత టీవీలు సెకనుకు 60 సార్లు తెరను గీసేవి. మన దేశం పాటించిన పాల్ పద్ధతిలో 50 సార్లు. ఆ కాలపు గేమ్‌లు సమయాన్ని విడిగా కొలవవు. తెర ఒకసారి గీయడం పూర్తయితే ఒక అడుగు ముందుకు వేస్తాయి. పాట కూడా అంతే. కాబట్టి 60 కోసం రాసిన గేమ్‌ను మార్చకుండా 50తో నడిచే నకలు యంత్రంలో పెడితే మారియో ఆరో వంతు నెమ్మదిగా పరిగెత్తుతాడు. చిప్ వేగాన్ని మాత్రం అసలుకు దగ్గరగానే ఉంచారు కనుక స్వరాల ఎత్తు పెద్దగా మారదు. సంగీతం తెలిసినవాళ్ల భాషలో చెప్పాలంటే శ్రుతి అదే, లయ విలంబితం.

లెక్క కావాలంటే: మారియో మొదటి స్టేజీలో పైన కనిపించే 400 అంకె సెకన్లు కావు. తెర 24 సార్లు గీసినప్పుడల్లా ఒక అంకె తగ్గుతుంది. అమెరికా పిల్లాడికి ఆ 400 అయిపోవడానికి 160 సెకన్లు. పాల్ టీవీ ముందు కూర్చున్న పిల్లాడికి 192. అతని మారియో కూడా అంత నెమ్మదిగానే నడుస్తాడు కనుక దూరం విషయంలో లాభం లేదు. ఎదురొచ్చే తాబేలును చూసి బొటనవేలు కదపడానికి దొరికే సమయం మాత్రం ఎక్కువ. మెయిన్‌ల్యాండ్‌లోనైనా దీవుల్లోనైనా ఆ తరానికి దొరికిన ఏకైక రాయితీ అదేనేమో.

అంత చిన్న యంత్రంలో ఆ ఆటలు ఎలా పట్టాయన్నది మరో ఆశ్చర్యం. ఫ్యామికామ్ పని చేసుకోవడానికి వాడుకునే మెమొరీ 2 కిలోబైట్లు. సూపర్ మారియో బ్రోస్ మొత్తం గేమ్ 40 కిలోబైట్లు. వాట్సాప్‌లో వచ్చే ఒక శుభోదయం ఫొటో అంతకన్నా పెద్దది. చోటు ఆదా చేయడానికి మారియోలో ఆకాశంలోని మేఘానికి, నేలమీది పొదకు ఒకే బొమ్మ వాడారు. తెల్ల రంగు వేస్తే మేఘం, పచ్చ రంగు వేస్తే పొద. ఒకసారి తెలిశాక ఇక చూడకుండా ఉండలేరు.

ఆడిన చోటును గుర్తుపెట్టుకునే ఏర్పాటు మారియోలో లేదు. కరెంటు పోతే మొదటికి రావాల్సిందే. ప్రధానంగా డీజిల్ జనరేటర్ల మీద కరెంటు నడిచే దీవుల్లో ఇది చిన్న విషయం కాదు. ఎనిమిదో ప్రపంచం చివరి కోట దాకా వచ్చి, దీపం ఒక్కసారి మినుక్కుమంటే చాలు, ఇల్లంతా ఒక నిట్టూర్పు.

బాతుల్ని కాల్చే డక్ హంట్ సంగతి ఇంకా తమాషా. ప్లాస్టిక్ తుపాకీ టీవీ వైపు ఏమీ పంపదు. దాని గొట్టంలో ఉన్నది వెలుగును గుర్తించే కన్ను. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణకాలం నల్లబడుతుంది, వెంటనే బాతు ఉన్నచోట తెల్లటి చతురస్రం మెరుస్తుంది. తుపాకీకి ఆ తెలుపు కనబడితే గురి తగిలినట్టు. అంతా రెప్పపాటులో జరుగుతుంది కనుక మనకు తెలియదు. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ సిగ్నల్ అందగానే ఆలస్యం లేకుండా గీస్తుంది కాబట్టే ఇది సాధ్యమైంది. ఇవాళ్టి ఎల్‌ఈడీ టీవీ బొమ్మను లోపల సరిదిద్ది కొన్ని మిల్లీసెకన్లు ఆగి చూపిస్తుంది. అప్పటికే తుపాకీ చూడటం అయిపోయి ఉంటుంది. అటక మీది తుపాకీ దించి కొత్త టీవీకి పెట్టి, ఒక్క బాతూ పడటం లేదని చెడిపోయిందనుకుని పారేసినవాళ్లు ఎందరో. తుపాకీ బాగానే ఉంది. పోయింది ఓనిడా టీవీ.

అర సెకను దూరం

2000 తర్వాత మెయిన్‌ల్యాండ్ పట్టణాల్లో కథ మారింది. సైబర్ కేఫ్‌లు, కౌంటర్ స్ట్రైక్, బ్రాడ్‌బ్యాండ్, ఆ తర్వాత ఆన్‌లైన్ పోటీలు. అండమాన్‌లో మాత్రం బయటి ప్రపంచంతో ఇంటర్నెట్ లింకు ఉపగ్రహం మీదే ఆధారపడింది. అది నెమ్మది, ఖరీదు. అన్నిటికీ మించి దూరం.

సమాచార ఉపగ్రహాలు భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక బటన్ నొక్కితే ఆ సంకేతం పైకి వెళ్లి, కిందికి దిగి సర్వర్‌ను చేరాలి. జవాబు మళ్లీ పైకి, మళ్లీ కిందికి. నాలుగు అంచెలు, 1,44,000 కిలోమీటర్లు. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోయే సంకేతానికి కూడా దాదాపు అర సెకను. ఎంత డబ్బు పెట్టినా తగ్గని ఆలస్యం అది, ఎందుకంటే కాంతి వేగాన్ని ఏ కంపెనీ పెంచలేదు. ఎదుటి ఆటగాడు కాల్చిన అర సెకను తర్వాత అతను కనబడితే షూటింగ్ గేమ్ ఏం ఆడతారు? అదే 1983 నాటి యంత్రంలో బటన్ నొక్కిన తర్వాత ఒకటి రెండు ఫ్రేముల్లో, అంటే సెకనులో ఇరవయ్యైదో వంతు లోపే మారియో గాల్లో ఉంటాడు.

డౌన్‌లోడ్‌ది మరో లెక్క. ఇవాళ్టి పెద్ద గేమ్ ఒకటి 100 గిగాబైట్లు దాటుతోంది. అంటే 25 లక్షల మారియోలు. 512 కేబీపీఎస్ కనెక్షన్ ఒక్క క్షణం తెగకుండా పనిచేసినా అది దిగడానికి 18 రోజులు. అదే గేమ్‌ను హార్డ్ డిస్కులో వేసుకుని చెన్నైలో ఓడ ఎక్కితే మూడు రోజులు. ఒక టెరాబైట్ డిస్కు మూడు రోజుల్లో చేరితే అది సెకనుకు 30 మెగాబిట్ల వేగంతో సమానం. బంగాళాఖాతం మీద చాలా ఏళ్లపాటు అన్నిటికన్నా వేగమైన ‘బ్రాడ్‌బ్యాండ్’ ఓడే అంటే అతిశయోక్తి కాదు.

ఇలాంటి చోట పాత గేమ్‌ల ఆకర్షణ వేరు. ఫ్యామికామ్ గేమ్‌లను కంప్యూటర్‌లో ఆడించే ఎమ్యులేటర్ అనే సాఫ్ట్‌వేర్లు 1997 నాటికే వచ్చాయి. అదే ఏడాది ఆర్కేడ్ యంత్రాల కోసం ‘మామే’ మొదలైంది. ఒక గేమ్ కొన్ని పదుల కిలోబైట్లే కనుక వందల గేమ్‌లు ఒక సీడీలో పట్టేవి. నత్తనడక ఇంటర్నెట్‌లో కూడా మారియో నిమిషంలో దిగేది. ఆ తర్వాత అక్కరలేదు, జీవితాంతం కనెక్షన్ లేకుండా ఆడొచ్చు. మిగతా ఊళ్లలో రెట్రో గేమ్‌లు ఒక సరదా. నెట్ అందని చోట అవి అన్నిటికన్నా భరోసా ఉన్న ఆటలు.

కేబుల్ వచ్చాక లెక్క మారింది, నిజం. సుమారు 1,224 కోట్ల రూపాయలతో 2,300 కిలోమీటర్ల మేర వేసిన ఈ కేబుల్ చెన్నైని పోర్ట్ బ్లెయిర్‌తో, అక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కమోర్టా, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్‌లతో కలుపుతుంది. చెన్నై–పోర్ట్ బ్లెయిర్ మధ్య సామర్థ్యం సెకనుకు 200 గిగాబిట్ల చొప్పున రెండు. గాజు తీగలో కాంతి సెకనుకు 2 లక్షల కిలోమీటర్లే పోయినా, చెన్నైకి వెళ్లి రావడానికి పదిహేను మిల్లీసెకన్ల చిల్లర చాలు. అర సెకను ఆలస్యం ఒక్క రోజులో చరిత్రలో కలిసింది. ఆ తర్వాతే పబ్‌జీ నిషేధం. దాని స్థానంలో 2021 జులైలో వచ్చిన బీజీఎంఐ కూడా 2022 జులైలో యాప్ స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో తిరిగొచ్చింది. ఈ రాకపోకల్లో ఆడేవాడి ప్రమేయం ఎక్కడా లేదు.

ఉప్పుగాలి, తేమ, నల్ల బొట్టు

పాత యంత్రాలకు చావు లేదని దీని అర్థం కాదు. వాటికి శత్రువులు వేరే ఉన్నారు. దీవుల్లో ఆ శత్రువులు బలమైనవాళ్లు.

గేమ్ రాకపోతే క్యాసెట్ తీసి నోటితో ఊదడం దేశమంతా తెలిసిన వైద్యం. ఊదగానే చాలాసార్లు పనిచేసేది కూడా. నిజానికి పనిచేసింది ఊపిరి కాదు. క్యాసెట్ తీసి మళ్లీ పెట్టడంలో లోహపు కాళ్లు ఒకదానితో ఒకటి రాసుకుని, పైన పేరుకున్న పొర తొలగి, కనెక్షన్ కుదిరేది. ఊపిరిలోని తేమ ఆ లోహాన్ని మెల్లగా తినేది. హైదరాబాద్ పొడిగాలిలో దీనికి ఏళ్లు పడుతుంది. ఏడాది పొడవునా తేమ, సముద్రపు ఉప్పు కలిసిన గాలి ఉన్నచోట పచ్చటి చిలుము తొందరగా పడుతుంది. పాత క్యాసెట్లు దాచుకున్నవాళ్లు చేయాల్సింది ఊదడం కాదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో ఆ కాళ్లను తుడిచి, పూర్తిగా ఆరాక గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టాలి. మాత్రల సీసాల్లో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే పొట్లాలవే.

రిపేరు సంగతికి వస్తే, విడి చిప్‌లున్న పాత నకళ్లను టీవీ మెకానిక్ బాగుచేయగలడు. నల్ల బొట్టు రకంలో ఆ బొట్టు కింద తెగితే చేసేదేం లేదు. చవకదనానికి కట్టిన మూల్యం అది. గేమ్‌ను గుర్తుంచుకోవడానికి లోపల బటన్ సెల్ ఉండే క్యాసెట్లదీ ఇదే కథ. సెల్ అయిపోతే దాచుకున్న ఆట పోతుంది, వదిలేస్తే అది కారి బోర్డునే తినేస్తుంది.

2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు ఈ దీవుల్లో వేల ప్రాణాలు, ఊళ్లకు ఊళ్లు పోయాయి. కార్ నికోబార్ వంటి చోట్ల ఇళ్లే మిగలనప్పుడు ఆట వస్తువుల ప్రస్తావన అల్పంగా తోచవచ్చు. కానీ ఆ తరం పిల్లలకు ఫొటోల ఆల్బమ్‌తో పాటు, టీవీతో పాటు, పోయినవాటిలో అవీ ఉన్నాయి. వస్తువు రూపంలో ఉన్న జ్ఞాపకానికి ఉన్న ఇబ్బంది అది. పోతే మరో ప్రతి ఉండదు.

ప్రతి తీసుకోవచ్చా?

ప్రపంచమంతటా ఇప్పుడు నడుస్తున్న చర్చ ఇదే. అమెరికాలో విడుదలైన పాత గేమ్‌లలో 87 శాతం ఇవాళ మార్కెట్లో చట్టబద్ధంగా కొనడానికి దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023 జులైలో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. పుస్తకాలకు గ్రంథాలయాలున్నట్టు, గేమ్‌లను పరిశోధకులు ఇంటి నుంచే చూసుకునే వీలు కల్పించాలన్న విజ్ఞప్తిని 2024 అక్టోబర్‌లో అమెరికా కాపీరైట్ కార్యాలయం తోసిపుచ్చింది.

మన 1957 కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52 ఒక వెసులుబాటు ఇస్తుంది. కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను చట్టబద్ధంగా కలిగి ఉన్నవారు, అది పాడైనా పోయినా ఇబ్బంది లేకుండా బ్యాకప్ ప్రతి తీసుకోవచ్చు. అసలు డిస్కు కొన్నవారికి ఇది ఊరట. ‘9999999 ఇన్ 1’ క్యాసెట్ యజమానికి మాత్రం చిక్కే. అతని దగ్గరున్నదే దొంగ ప్రతి. ఇరవై ఏళ్ల క్రితం దుకాణంలో డబ్బిచ్చి, నిజాయితీగా కొన్న దొంగ ప్రతి. ఇంటర్నెట్ నుంచి దింపుకునే పాత గేమ్ ఫైళ్లలో ఎక్కువ భాగం కూడా చట్టం ముందు నిలవవు. వాటిని ఆడినందుకు ఎవరింటికీ పోలీసులు రావడం లేదన్నది వేరే విషయం. కంపెనీలు తమ పాత గేమ్‌లను సొంతంగా అమ్మితే కొనేవాళ్లున్నారు. కొన్నింటినే అమ్ముతున్నాయి, మిగతావి అటకెక్కించాయి. తప్పంతా ఆడేవాడి మీదకు నెట్టడం న్యాయం కాదు.

దీనిలో తెలుగువారి వాటా కూడా ఉంది. ప్లేస్టేషన్ 2 కోసం పూర్తిగా మన దేశంలో తయారైన తొలి గేమ్‌గా పేరొందిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ను చేసింది హైదరాబాద్‌కు చెందిన ఆరోనా టెక్నాలజీస్. 2009లో డిస్కుగా వచ్చింది. గేమ్ బాగుందా అంటే, విమర్శకులు మెచ్చుకోలేదు. అయినా మన ఊళ్లో పుట్టిన గేమింగ్ పరిశ్రమకు అది ఒక మైలురాయి. ఆ డిస్కును అసలు యంత్రం మీద నడపాలంటే ఎప్పుడో తయారీ ఆగిపోయిన ప్లేస్టేషన్ 2, అందులో ఇంకా చదవగలిగే లేజర్ కన్ను ఉండాలి. తెలుగు సినిమాల తొలి రీళ్లు ఎలా పోయాయో తెలిసినవాళ్లకు ఈ మాట ఎందుకు చెప్పాల్సి వస్తోందో అర్థమవుతుంది.

కొత్త గేమ్‌ల పరిస్థితి ఇంకా బిగువు. యూబీసాఫ్ట్ కంపెనీ ‘ది క్రూ’ అనే కార్ల రేసు గేమ్ సర్వర్లను 2024 మార్చి 31న ఆపేసింది. డబ్బు పెట్టి కొన్నవారి దగ్గర డిస్కు ఉంది, యంత్రం ఉంది, గేమ్ మాత్రం తెరుచుకోదు. దాని మీద రేగిన నిరసన యూరప్‌లో 10 లక్షలకు పైగా సంతకాల ఉద్యమమైంది. అమ్మిన గేమ్‌ను కంపెనీ తర్వాత చంపేయకూడదన్నది వారి డిమాండ్.

ఇటీవల అరచేతిలో పట్టే చైనా రెట్రో యంత్రాలు మూడు నాలుగు వేల రూపాయల నుంచే ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. వేల గేమ్‌లు ముందే నింపి ఉంటాయి. పెట్టె మీద అంకె ఈసారీ కాస్త ఎక్కువే రాసి ఉంటుంది. ఫోన్లలో ఎమ్యులేటర్ యాప్‌లను 2024 ఏప్రిల్ నుంచి ఆపిల్ కూడా అనుమతిస్తోంది. పాల్ పద్ధతి పోయింది కనుక వీటిలో మారియో అసలు వేగంతో, సెకనుకు 60 అడుగులతో పరిగెత్తుతాడు. 50 దగ్గర అలవాటుపడ్డ వేళ్లకు మొదటి గుంతలోనే దెబ్బ తగులుతుంది. కొన్ని ఎమ్యులేటర్ల సెట్టింగ్స్‌లో ‘డెండీ’ అని ఒక ఐచ్ఛికం ఉంటుంది. అది పెడితే పాట మళ్లీ నెమ్మదిస్తుంది.